కాయిల్ కొనే ముందు ఓములు కొలవండి

పాత కార్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రోహిణి కార్తె దగ్గరపడేసరికి నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇగ్నిషన్ కాయిల్ గురించే, అంటే బ్యాటరీ వోల్టేజీని వేల వోల్టులకు పెంచి ప్లగ్గులకు స్పార్కు ఇచ్చే డబ్బా గురించే ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్నీ దానికే ఇచ్చాం. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది అంబాసిడర్ మార్క్ 3. పాయింట్ల ఇగ్నిషనే, ఏమీ మార్చలేదు. కావలి నుంచి నెల్లూరు బయల్దేరితే అరగంట శుభ్రంగా నడిచి, తర్వాత మిస్సింగ్ మొదలై ఆగిపోతోంది. కాసేపు చల్లారితే మళ్లీ స్టార్టవుతుంది. మెకానిక్కు కాయిల్ మార్చమన్నాడు. షాపుకెళితే మూడు రకాలు చూపించి ఏది కావాలని అడిగారు. ఏది తీసుకోవాలి? (కావలి)

జవాబు: కాయిల్ కొనడానికి తొందరపడకండి. వేడెక్కితే ఆగి, చల్లారితే కదిలే జబ్బుకు ముగ్గురు అనుమానితులున్నారు. కాయిల్ ఒకటి, పాయింట్ల (కాయిల్ కరెంటును కలిపి తెంచే స్విచ్) మధ్య నిప్పు లేవకుండా ఆపే కండెన్సర్ ఒకటి, పెట్రోలు పైపులోనో పంపులోనో ఆవిరి కట్టడం మూడోది. బయటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి. వీటిలో కండెన్సర్ అన్నిటికంటే చవక, అన్నిటికంటే తరచుగా పోయేదీ అదే. అయినా చాలామంది ముందుగా మార్చేది మాత్రం కాయిల్‌నే.

తేల్చుకోవాలంటే బండి ఆగిన ఆ రెండు నిమిషాల్లోనే చూడాలి. ఇంటికి తెచ్చి చల్లారాక చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ (స్పార్కును ప్లగ్గులకు పంచే భాగం) మూత మధ్యలోకి వెళ్లే లావు వైరును మూత వైపు ఊడదీయండి. రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో దాన్ని పట్టుకుని, కొసను ఇంజిన్ ఇనుముకు 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంచి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. కార్బురేటర్ దగ్గర పెట్రోలు కారుతుంటే మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. వైరు కొసను గాలిలో వదిలేయనూ వద్దు. దూకడానికి దారి దొరకని వోల్టేజీ కాయిల్ లోపలి ఇన్సులేషన్‌నే చీల్చుకుని పోతుంది.

టపటపమని చప్పుడు చేస్తూ నీలంగా, లావుగా స్పార్కు దూకితే కాయిల్‌కి ఏ రోగమూ లేదు. పెట్రోలు పంపు మీద, కార్బురేటర్‌కు వెళ్లే పైపు మీద తడిగుడ్డ వేసి చూడండి. అయిదు నిమిషాల్లో స్టార్టయిందంటే జబ్బు అక్కడే ఉంది. ఆ పైపును సైలెన్సర్ మానిఫోల్డ్‌కు దూరంగా జరపాలి, అంతే.

స్పార్కు పసుపుగా, సన్నగా వచ్చినా, అసలు రాకపోయినా డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు చూడండి. ఇంజిన్ తిరిగి పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్య చిన్న నీలి మెరుపు కనిపించడం మామూలే. పెద్దగా పసుపు నిప్పు లేస్తుంటే కండెన్సర్ పోయినట్టు. పాయింట్ల మొహాలు నల్లగా మాడి ఉండటం దానికి ఇంకో గుర్తు. ఈ కార్ల కండెన్సర్ 0.18 నుంచి 0.25 మైక్రోఫారడ్ మధ్య ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు మీటరులో సరైన అంకె చూపించి, వేడెక్కగానే లోపల తెగిపోయే కండెన్సర్లు చాలా ఉన్నాయి. కాబట్టి మీటరును నమ్మి ఊరుకోకుండా, మంచిదని తెలిసిన ఇంకో కండెన్సర్ వేసి ఒక ట్రిప్పు తిప్పి చూడండి.

ఇంకో చోటు కూడా చూడాలి. డిస్ట్రిబ్యూటర్ లోపల బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకు ఒక మెత్తటి సన్న వైరు వెళుతుంది. స్పార్కు పడే సమయాన్ని మార్చే వాక్యూమ్ అడ్వాన్స్ ప్లేటు కదిలిన ప్రతిసారీ అది వంగుతుంది. కొన్నేళ్లకు పై తొడుగు బాగానే ఉండి లోపలి రాగిపోగులు తెగిపోతాయి. ప్లేటుకు ఎర్త్ ఇచ్చే (బండి ఇనుముకు కలిపే) చిన్న వైరుదీ ఇదే కథ. వేలితో మెల్లగా లాగితే తెగిన వైరు రబ్బరులా సాగుతుంది.

ఇవన్నీ బాగుంటే అప్పుడు కాయిల్. దాని రెండు చిన్న వైర్లూ ఊడదీసి, మీటరును అతి తక్కువ ఓముల (నిరోధం కొలిచే) రేంజిలో పెట్టండి. ముందు మీటరు పిన్నులు రెండూ ఒకదానికొకటి ఆనించి ఎంత చూపుతుందో రాసుకోండి. సాధారణంగా 0.2, 0.3 ఉంటుంది. వచ్చే లెక్కలోంచి దాన్ని తీసేయాలి. కొలుస్తున్నదే మూడు ఓములైనప్పుడు 0.3 అంటే పదో వంతు తేడా. రెండు చిన్న టెర్మినల్స్ మధ్య సుమారు 3 ఓములు రావాలి. చిన్న టెర్మినల్‌కీ మధ్యలోని లావు వైరు గూటికీ మధ్య వేలల్లో, అంటే 5,000 నుంచి 15,000 దాకా రావచ్చు. చిన్న టెర్మినల్‌కీ కాయిల్ డబ్బాకీ మధ్య అసలు దారే ఉండకూడదు, పిన్నులు ఆనించకముందు మీటరు ఎలా ఉందో అలాగే ఉండాలి.

ఇక్కడ మన ఎండల లెక్క ఒకటుంది. రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 3.0 ఓములుండే కాయిల్ బానెట్ కింద 80 డిగ్రీలకు కాగితే 3.7 చూపుతుంది. అది చూసి కాయిల్ పాడైందనుకుని పారేయొద్దు. దీనికి ఎదురు సంగతీ గుర్తుంచుకోవాలి. మీటరు పరీక్షలో నెగ్గిన కాయిల్ మంచిదేనని పూచీ లేదు. మీటరు బ్యాటరీ ఇచ్చేది కొద్ది వోల్టులు, లోపలి తీగచుట్ట ఓర్చుకోవాల్సింది వేల వోల్టులు. పొరల మధ్య ఇన్సులేషన్ వేడికి చిట్లే కాయిల్‌ను పట్టుకోవడానికి ఒకటే దారి. ఆగిన చోటే చల్లటి ఇంకో 3 ఓముల కాయిల్‌ను తగిలించి చూడటం. రెండు చిన్న వైర్లు, ఒక లావు వైరు మారిస్తే చాలు. డబ్బాను బిగించకపోయినా పరీక్షకు సరిపోతుంది, ఎందుకంటే ఈ కాయిల్స్ పనిచేయడానికి డబ్బాకు ఎర్త్ అక్కర్లేదు. వెంటనే స్టార్టయితే పాత కాయిల్ పని అయిపోయినట్టే.

ఇక షాపులో చూపిన మూడు రకాలు. మామూలు 12 వోల్టుల కాయిల్ ఒకటి, ఇది 3 ఓములు. కరెంటును తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్‌తో వాడాల్సింది రెండోది, ఇది సుమారు 1.5 ఓములు. ఎక్కువ వోల్టేజీ ఇస్తుందని అమ్మే స్పోర్ట్స్ కాయిల్ మూడోది, ఇందులో రెండు విలువలవీ దొరుకుతాయి. బయటికి అన్నీ ఒకే సైజు డబ్బాలు, ఒకే బిగింపు. తేడా అంతా ఓముల్లోనే.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు వైరింగ్‌లో సుమారు 14 వోల్టులుంటాయి. 3 ఓముల కాయిల్‌లో గరిష్ఠంగా 4.7 ఆంపియర్లు పారుతుంది. పాయింట్లు ఓర్చుకునేది ఇంచుమించు అంతే. 1.5 ఓముల కాయిల్‌ను నేరుగా తగిలిస్తే కరెంటు 9.3 ఆంపియర్లకు ఎగబాకుతుంది. పాయింట్లు నీలంగా కాలిపోతాయి, కాయిల్ చెయ్యి పెట్టలేనంత కాగుతుంది. మొదటి వారం బండి బ్రహ్మాండంగా లాగుతున్నట్టు ఉంటుంది, అందుకే చాలామంది మోసపోతారు. తిరగేసి, బ్యాలస్ట్ ఉన్న బండికి 3 ఓముల కాయిల్ వేస్తే మొత్తం 4.5 ఓములై 3.1 ఆంపియర్లే పారుతుంది. బండి చెడదు గానీ స్పార్కు నీరసిస్తుంది.

మీ బండిలో బ్యాలస్ట్ ఉందో లేదో పుస్తకం చూసి నిర్ణయించకండి. నలభై, యాభై ఏళ్లలో ఎన్ని చేతులు వైరింగ్ మార్చాయో ఎవరూ చెప్పలేరు. ఇంజిన్ ఆపి, పాయింట్లు మూసుకునే దాకా చేత్తో ఇంజిన్ తిప్పి, ఇగ్నిషన్ ఆన్ చేసి, కాయిల్‌కి స్విచ్ వైపున్న టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ చూడండి. బ్యాటరీ వోల్టేజీకి అర వోల్టు లోపు తేడాతో ఉంటే బ్యాలస్ట్ లేదు, 3 ఓముల కాయిల్ కొనండి. 6, 7 వోల్టులే ఉంటే దారిలో ఎక్కడో రెసిస్టర్ ఉంది, 1.5 ఓములది కొనండి. 10, 11 లాంటి అంకె వస్తే రెండూ కాదు. ఇగ్నిషన్ స్విచ్ కాంటాక్టులో, జాయింట్లలో వోల్టేజీ పోతోంది, ముందు అది బాగుచేయాలి. అదే స్థితిలో డిస్ట్రిబ్యూటర్ వైపు టెర్మినల్ దగ్గర 0.3 వోల్టు దాటకూడదు. దాటితే పాయింట్ల మొహాలో, ఎర్త్ వైరో శుభ్రంగా లేవు. లూకాస్ కంపెనీ వైర్ల రంగుల పద్ధతి చెదరని బండిలో స్విచ్ నుంచి కాయిల్‌కి తెల్ల వైరు, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి తెలుపు మీద నల్లగీత వైరు ఉంటాయి.

కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లండి. పాత లూకాస్ కాయిల్స్‌లో లావు వైరు మరతో బిగుస్తుంది, కొత్తవాటిలో నొక్కితే దిగుతుంది. చిన్న టెర్మినల్స్‌లోనూ నట్టు రకం, చీలిక రకం వేరు వేరు. ఇవి కలవకపోతే కొందరు వైరు చుట్టేసి టేపు వేస్తారు. నెల తిరక్కుండా మళ్లీ రోడ్డు మీదే ఆగుతారు.

ప్రశ్న: మా నాన్నగారి ప్రీమియర్ పద్మినిని నేను నడుపుతున్నాను. 40,000 వోల్టుల స్పోర్ట్స్ కాయిల్ వేస్తే పికప్, మైలేజీ రెండూ పెరుగుతాయని షాపులో అంటున్నారు. వేయించమంటారా? (ఒంగోలు)

జవాబు: పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు బాగున్న మామూలు పద్మినికి అవసరం లేదమ్మా.

కాయిల్ డబ్బా మీద రాసిన వోల్టేజీ అది ఇవ్వగలిగే గరిష్ఠం మాత్రమే. స్పార్కు ఎంత వోల్టేజీ దగ్గర దూకాలో నిర్ణయించేది ప్లగ్గు గ్యాపు, సిలిండర్‌లోని ఒత్తిడి. 0.6 మిల్లీమీటర్ల గ్యాపు ఉన్న ప్లగ్గు దగ్గర 10,000, 15,000 వోల్టులకే స్పార్కు దూకేస్తుంది. దూకాక వోల్టేజీ ఇంకా పైకి ఎక్కదు. మిగతా పాతిక వేలూ లేబుల్ మీదే ఉండిపోతాయి.

తక్కువ ఓముల కాయిల్స్ పుట్టింది ఎక్కువ సిలిండర్లు, ఎక్కువ వేగం ఉన్న ఇంజిన్ల కోసం. మీ నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3,000 ఆర్‌పీఎంలో తిరిగేటప్పుడు సెకనుకు 100 స్పార్కులు కావాలి. అంటే ఒక్కోదానికి 10 మిల్లీసెకన్లు, అందులో సుమారు 6 పాయింట్లు మూసుకుని కాయిల్ నిండే సమయం. 3 ఓముల కాయిల్ నిండటానికి అది చాలు. అదే వేగంలో ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌కయితే సగం సమయమే దొరుకుతుంది. వాళ్లకు ఆ కాయిల్ అవసరం, మీకు కాదు.

పికప్ తగ్గిందనిపిస్తే చూడాల్సినవి వేరే ఉన్నాయి. పాయింట్ల గ్యాపు ఎంతుందో ఫీలర్ గేజితో చూపించండి, పద్మినికి 0.45 మిల్లీమీటర్ దరిదాపుల్లో ఉండాలి. గ్యాపు మారితే టైమింగ్ (స్పార్కు పడే సమయం) కూడా కదులుతుంది కాబట్టి గ్యాపు సరిచేశాకే టైమింగ్ పెట్టాలి, ఈ వరస తప్పకూడదు. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్‌ను పక్కలకు ఊపి చూడమనండి. బుష్షులు అరిగి ఆడుతుంటే ఒక్కో సిలిండర్‌కీ ఒక్కో గ్యాపు వస్తుంది. ఏ కాయిలూ దాన్ని సరిచేయలేదు. స్పోర్ట్స్ కాయిల్ డబ్బుతో బుష్షులు మార్పించుకోండి, తేడా మొదటి రోజే తెలుస్తుంది.

మీ బండికి ఎల్‌పీజీ కిట్ ఉంటే మాత్రం సంగతి కొంచెం వేరు. గ్యాస్‌కు స్పార్కు దూకడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. అప్పుడైనా ముందు చేయాల్సింది ప్లగ్గు గ్యాపును 0.5 మిల్లీమీటర్ల దాకా తగ్గించడం, పాత లావు వైర్లు మార్చడం. ఆ తర్వాతా ఎత్తు మీద మిస్సవుతుంటే 3 ఓముల రకం స్పోర్ట్స్ కాయిల్ వేయించండి. 1.5 ఓములది పాయింట్ల మీద వద్దు.

ప్రశ్న: పాజిటివ్ ఎర్త్‌లోనే ఉన్న 1956 ల్యాండ్‌మాస్టర్ మాది. పాత కాయిల్ మీద ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంది. కొత్తదాని మీద ప్లస్, మైనస్ గుర్తులున్నాయి. మెకానిక్కు ప్లస్‌ను స్విచ్‌కు కలిపాడు. బండి నడుస్తోంది. సరేనా? (నెల్లూరు)

జవాబు: నడుస్తుంది గానీ సరి కాదు. తిరగేయించండి.

ఎస్‌డబ్ల్యూ అంటే స్విచ్ వైపు, సీబీ అంటే పాయింట్ల వైపు. పాజిటివ్ ఎర్త్ బండిలో బ్యాటరీ ప్లస్‌ను బండి ఇనుముకు కలుపుతారు, స్విచ్ నుంచి వచ్చేది బ్యాటరీ మైనస్. కాబట్టి కొత్త కాయిల్ మైనస్ టెర్మినల్ స్విచ్‌కు, ప్లస్ టెర్మినల్ డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లాలి. నెగటివ్ ఎర్త్ బండిలో దీనికి సరిగ్గా తలకిందులు. మీ మెకానిక్కు చేతికి రోజూ తగిలేవి నెగటివ్ ఎర్త్ బళ్లే కాబట్టి అలవాటు కొద్దీ కలిపి ఉంటాడు.

తిరగబడితే ఏమవుతుందంటే, ప్లగ్గు మధ్య ఎలక్ట్రోడ్ బాగా కాగి ఉంటుంది, కాగిన లోహం నుంచి ఎలక్ట్రాన్లు తేలిగ్గా బయటపడతాయి. అందుకే మధ్యది మైనస్ అయ్యేలా కాయిల్ కలపాలి. తిరగబడితే ఎలక్ట్రాన్లు చల్లటి పక్క ఎలక్ట్రోడ్ నుంచి బయల్దేరాలి, దానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. మామూలుగా నడిచేటప్పుడు ఇది తెలియదు. పొద్దున్నే సెల్ఫ్ కొట్టేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, ప్లగ్గులు పాతబడ్డప్పుడు తెలుస్తుంది.

పరీక్షకు పాత మాన్యువళ్ల పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా ఒక ప్లగ్గు వైరును రబ్బరు పిడి ప్లేయర్‌తో తీసి ప్లగ్గుకు 6 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకోండి. చెక్కిన పెన్సిల్‌ను బట్టల క్లిప్పుకు పట్టించి, దాని ముల్లును ఆ సందులోకి తెండి. పెన్సిల్‌కీ ప్లగ్గుకీ మధ్య స్పార్కు కాస్త ఎర్రగా విప్పారితే కనెక్షన్ సరైనది. వైరుకీ పెన్సిల్‌కీ మధ్య విప్పారితే తిరగబడింది. నీడలో చూస్తే బాగా తెలుస్తుంది.

మీలాంటి బండినే నెగటివ్ ఎర్త్‌కు మార్చుకున్నవాళ్లకు ఒక మాట. ఎస్‌డబ్ల్యూ, సీబీ గుర్తులున్న పాత కాయిల్‌ను అలాగే వాడుతుంటే దాని రెండు వైర్లనూ ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చాలి. గుర్తుల ప్రకారం ఉంచితే స్పార్కు తిరగబడుతుంది. బ్యాటరీ, అమ్మీటరు వైర్లు తిప్పి, డైనమోకు పోలారిటీ పెట్టి, కాయిల్‌ను మరిచిపోయిన బళ్లు చాలా తిరుగుతున్నాయి.

ప్రశ్న: 6 వోల్టుల పాత జీపును 12 వోల్టులకు మార్పించాం. డైనమో, బల్బులు, బ్యాటరీ అన్నీ మార్చారు. అప్పటి నుంచి పాయింట్లు నెలకోసారి కాలిపోతున్నాయి. (సింగరాయకొండ)

జవాబు: మీరు రాసిన జాబితాలో కాయిల్ లేదు. 6 వోల్టుల కాయిల్ 1, 1.5 ఓముల మధ్య ఉంటుంది, 12 వోల్టుల మీద దానికి రెట్టింపు కరెంటు. కొలిచి చూసి, 3 ఓముల 12 వోల్టుల కాయిల్ వేయించండి, పాయింట్లు, కండెన్సర్ ఒకేసారి కొత్తవి వేయండి. ఇప్పుడున్న కండెన్సర్ కూడా దెబ్బతినే ఉంటుంది. పాత కాయిల్ ఉంచుకుని రెసిస్టర్ పెడదామని ఎవరైనా అంటే వద్దనండి. ఆ రెసిస్టర్ మండేంత కాగుతుంది, దానికి చోటు వెతకడం ఇంకో తలనొప్పి.

ప్రశ్న: కార్తీకమాసం వానల్లో మా స్టాండర్డ్ హెరాల్డ్ పొద్దున్నే స్టార్టవదు. ఎండ వచ్చాక బాగానే ఉంటుంది. రెండేళ్లలో రెండు కాయిల్స్ మార్చాం. ఇల్లు సముద్రానికి దగ్గర. (మైపాడు)

జవాబు: కాయిల్ కాదు, కాయిల్ నెత్తి. మన తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. ఆ రోజుల్లో ఉప్పుగాలి తెచ్చిన పొర మీద తేమ చేరితే అది కరెంటుకు దారి అవుతుంది. వేల వోల్టులు ప్లగ్గు దాకా పోకుండా కాయిల్ పై మూత మీదుగా, డిస్ట్రిబ్యూటర్ మూత మీదుగా ఎర్త్‌కు పాకిపోతాయి.

తెల్లవారకముందే చీకట్లో బానెట్ ఎత్తి సెల్ఫ్ కొట్టించండి. ఎక్కడ నీలి పాకుడు కనిపిస్తే అక్కడే లీకు. తర్వాత టార్చి పెట్టి కాయిల్ గూటి చుట్టూ, మూత లోపల చూడండి. పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత ఉంటే అది మాడిన బొగ్గు దారి. గీకినా, తుడిచినా పోదు, ఆ భాగం మార్చాల్సిందే. గీత లేకుండా తేమ మాత్రమే ఉంటే పొడిగుడ్డతో తుడిచి, తేమను తరిమే స్ప్రే పల్చగా కొట్టండి. లావు వైరు కొసలకు రబ్బరు టోపీలు బిగుతుగా ఉండాలి. వదులుగా ఉంటే నీరు గూట్లోకే దిగుతుంది.

వైరు ఊడదీసి గూటి లోపల ఇత్తడి మీద పచ్చటి చిలుము ఉందేమో చూడండి. మైపాడు, కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు బళ్లలో ఇది తప్పదు. సన్న ఎమెరీ కాగితంతో గీకి, చిన్న టెర్మినల్స్‌కు బ్యాటరీ టెర్మినల్స్‌కు పూసే జెల్లీ కొద్దిగా రాయండి. ఈ పనిని ఏటా సెప్టెంబరులో చేయండి.

వైర్లు కార్బన్ రకమైతే వాటినీ కొలవండి. మీటరు పొడవుకు 10,000 నుంచి 20,000 ఓములు మామూలు. ఒక్క వైరు మాత్రం లక్షల్లో చూపితే లోపల తెగింది. తెగిన వైరు కాయిల్ మీద భారం పెంచుతుంది. మీ రెండో కాయిల్ పోవడానికి కారణం అదే కావచ్చు. డిస్ట్రిబ్యూటర్ మూత కింద తిరుగుతూ స్పార్కును ఒక్కో ప్లగ్గు వైరుకూ అందించే రోటర్‌నూ అనుమానించండి. నాసిరకం రోటర్లలో మధ్య రివెట్ కింద ప్లాస్టిక్ పల్చగా ఉండి స్పార్కు షాఫ్ట్‌కు దిగిపోతుంది. మూత తీసి, కాయిల్ లావు వైరును రోటర్ ఇత్తడి మధ్యకు 5, 6 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. రోటర్ మీదికి స్పార్కు దూకిందంటే అది లీకవుతోంది. మంచి రోటర్ మీదికి దూకదు.

ప్రశ్న: రాత్రి ఇగ్నిషన్ తాళం ఆన్‌లో ఉండిపోయింది. పొద్దున కాయిల్ ఉబ్బి నూనె కారి ఉంది. నాసిరకం కాయిల్ అమ్మారా? (కందుకూరు)

జవాబు: అలా అనలేం. ఇంజిన్ ఆగినప్పుడు పాయింట్లు మూసుకుని ఉంటే 3 ఓముల కాయిల్‌లో 4 ఆంపియర్లకు పైగా ఆగకుండా పారుతుంది. అది సుమారు 50 వాట్ల వేడి, గాలి ఆడని బానెట్ కింద గంటల తరబడి. ఎంత మంచి కాయిల్ అయినా ఉబ్బుతుంది. కొత్తది వేయండి, పాయింట్లు కూడా చూడండి. ఇంజిన్ ఆపి పాటలు వినాలంటే రేడియోకు ఇగ్నిషన్ స్విచ్‌తో సంబంధం లేని వైరు ఫ్యూజుతో ఇప్పించుకోండి.

కొత్తది బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. క్లాంపును డబ్బా సొట్టపడేంత బిగించకండి, లోపలి చుట్టలు నొక్కుకుపోతాయి. నూనె కాయిల్‌ను నోరు కిందికి ఉండేలా పెట్టకండి, సీలు దగ్గర కారడం మొదలవుతుంది. మోరిస్ వంశం కార్లలో కొన్నింటికి కాయిల్ డైనమో మీదే కూర్చుని ఉంటుంది. ఆ చోట అదురూ ఎక్కువే, వేడీ ఎక్కువే. పాత కార్ల పోటీల్లో ప్రదర్శనకు ఉంచే బండి కాకపోతే దాన్ని పక్క రేకుకు మార్చి, రెండు చిన్న వైర్లు పొడిగించుకోవడం మన వాతావరణానికి మంచిది.

ప్రశ్న: అంబాసిడర్‌కు పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టించాను. మెకానిక్కు కొత్త కాలం కారు కాయిల్ ఏదో తెచ్చి వేశాడు. మాడ్యూల్ రెండు నెలలకే పోయింది. (ఆత్మకూరు)

జవాబు: మాడ్యూళ్లు రెండు జాతులు. కాయిల్‌లో పారే కరెంటును తానే అదుపు చేసేది ఒకటి, పాయింట్ల బదులు స్విచ్‌లా మాత్రమే పనిచేసేది ఒకటి. డిస్ట్రిబ్యూటర్ మూత కింద ఇమిడే చిన్నవాటిలో ఎక్కువ రెండో జాతివే. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌తో పుట్టిన కార్ల కాయిల్స్ 1.5 ఓముల లోపే ఉంటాయి, కొన్ని 0.6 కూడా. 14 వోల్టుల మీద 0.6 ఓములంటే లెక్క ప్రకారం 23 ఆంపియర్లు. కరెంటును అదుపు చేసే మాడ్యూల్ మాత్రమే దాన్ని ఓర్చుకుంటుంది.

మాడ్యూల్‌తో వచ్చిన కాగితంలో కనీసం ఎన్ని ఓముల కాయిల్ వాడాలో రాసి ఉంటుంది. దాన్ని బట్టే కాయిల్. కాగితం పోయి ఉంటే 3 ఓములది వేయండి, ఏ మాడ్యూల్‌కూ హాని లేదు. లావు వైర్లు కార్బన్ రకమే ఉండాలి, ఉత్త రాగి తీగ వైర్లు మాడ్యూల్‌ను గందరగోళపెడతాయి. ఛార్జింగ్ కూడా కొలిపించండి. ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ చెడి 15 వోల్టులు దాటుతుంటే కొత్త మాడ్యూల్ కూడా నిలవదు. తీసేసిన పాయింట్లు, కండెన్సర్ పారేయకండి, డిక్కీలో ఉంచండి. మాడ్యూల్ దారిలో పోతే మొత్తం మార్చేయాలి, పాయింట్లు పోతే గోటి ఫైలుతో గీకి ఇల్లు చేరొచ్చు.

ప్రశ్న: నకిలీ కాయిల్‌ను ఎలా పట్టుకోవాలి? మద్రాసు వెళ్లి కొనడం మంచిదా? (నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి పలువురు)

జవాబు: మద్రాసు దగ్గరే కాబట్టి జనరల్ ప్యాటర్స్ రోడ్డులో రకాలు ఎక్కువ దొరుకుతాయన్నది నిజం. కాయిల్ తయారుచేసే లూకాస్ టీవీఎస్ ఉన్నదీ అక్కడి పాడి ప్రాంతంలోనే. అయితే రకాలు ఎక్కువున్న చోట నకిలీలూ ఎక్కువే. అక్కడే పాత విడిభాగాలు అమ్మే పుదుపేటలో పాత కాయిల్ కొనడం మాత్రం మేం వద్దంటాం. కార్బురేటర్ బాడీ, డోరు హ్యాండిల్ పాతవి కొనొచ్చు. వేడికి చిట్లే ఇన్సులేషన్ కంటికి కనిపించదు.

పెట్టె మీద తయారీదారు చిరునామా, తయారైన నెల, ధర ముద్రించి ఉండాలి. కాయిల్ డబ్బా మీద పార్ట్ నంబరు చెరగని విధంగా ఉండాలి, పెట్టె మీదిదీ అదీ ఒకటే కావాలి. డబ్బా అంచు మడత చుట్టూ సమానంగా ఉందో వేలితో తడమండి. ఊపితే లోపల నూనె కొద్దిగా కదిలిన చప్పుడు రావచ్చు, అది లోపం కాదు. నూనె వేడికి వ్యాకోచించడానికి కాస్త చోటు వదులుతారు. బరువు ఎక్కువుంటే మంచిదని కూడా అనుకోవద్దు, కొన్ని చవక కాయిల్స్‌లో నూనె బదులు తారు, ఇసుక నింపి అమ్ముతారు.

వీటన్నిటికంటే గట్టి పరీక్ష మీటరు. షాపు కౌంటరు మీదే రెండు చిన్న టెర్మినల్స్ మధ్య కొలవండి. కొలవనివ్వని షాపులో కొనకండి. డబ్బా మీద బ్యాలస్ట్ మాట లేకుండా 12 వోల్టులని రాసి ఉండి, మీటరు 1.5 చూపితే అది మీ పాయింట్ల బండికి పనికిరాదు, కంపెనీ పేరు ఏదైనా సరే. 2.8 నుంచి 3.4 మధ్య వస్తే తీసుకోండి. బిల్లు మీద పార్ట్ నంబరు రాయించుకుని, కొలిచిన ఓములను కాయిల్ అడుగున మార్కర్‌తో రాసిపెట్టుకోండి. రేపు అనుమానం వచ్చినప్పుడు పోల్చుకోవడానికి ఆ అంకె కావాలి.